ఐదో అంతస్తు కూనిరాగం

వాషింగ్టన్‌లోని ఆ పాత ప్రభుత్వ భవనంలో ఐదో అంతస్తు మంచిది కాదు. అక్కడ పనిచేసేవాళ్లెవర్నైనా అడగండి, గొంతు తగ్గించి మరీ చెబుతారు. పైకప్పు బాగుచేయిస్తామని అక్కడి ఆఫీసుల్ని ఎప్పుడో కిందికి దించేశారు. కప్పూ బాగుపడలేదు, మనుషులూ తిరిగి ఎక్కలేదు. గదులు అలాగే పడున్నాయి... కానీ ఖాళీగా లేవు.

చలికాలం గురువారం సాయంత్రాలు, చీకటి పడగానే అక్కడ ఎవరో తిరుగుతారట. గోడలు గుసగుసలాడతాయట. ఆ గుసగుసల మధ్య ఒక కూనిరాగం — జోలపాటో, ఏడుపో తెలియనట్టు...

"వెనకటికెవడో లంచం తిన్న గుమాస్తాలే," అనేది గేటు దగ్గర కాపలా ఉండే మిస్ ఓపల్. "డబ్బు ఎక్కడ దాచాడో మర్చిపోయి వెతుక్కుంటున్నాడు. మతిమరుపు దెయ్యం, పాపం."

రోవీనా నవ్వేది. నవ్వేదే గానీ, మెట్లెక్కేటప్పుడు పైకి మాత్రం చూసేది కాదు. వెస్ట్ వర్జీనియా కొండల్లో నానమ్మ ఒళ్లో దెయ్యం కథలు వింటూ పెరిగిన పిల్ల. లాయరు చదువు చదివినా ఆ భయం ఎక్కడికీ పోలేదు, చలికోటు లోపల ఉన్ని చొక్కాలా ఒంటిని అంటుకునే ఉంది.

దేశంలో ఆనకట్టల బాగోగులు చూసే ఆ ఆఫీసులో ఆమె నీతి నియమాల లాయరు. ఏటా ఉద్యోగులు తమకీ, తమ భార్యకో భర్తకో ఏ కంపెనీలో షేర్లున్నాయో, ఎక్కడ ఇళ్లున్నాయో రాసిస్తారు. అవన్నీ ఆమె చదవాలి. తన సొమ్మున్న కంపెనీ గురించి తానే తీర్పు చెప్పే మనిషి ఆ భవనంలో ఉండకూడదు. చప్పటి పని అనుకుంటాం గానీ, రోవీనాకి అందులో మనుషుల గుండెలు కనిపించేవి. నిరుడు ఒంటరి పేరున్న చోట ఈ ఏడు జంట పేరు కనిపిస్తే రోజంతా ఆమె మనసు వెన్నెల్లో నడిచేది.

"నా లాటరీ టికెట్లు కూడా రాయాలా బంగారం?" అని ఓపల్ ఏడిపించేది.

"గెలిస్తే రాయండి. నేనొచ్చి సగం పట్టుకుపోతాను."

ఆ ఫిబ్రవరి గురువారం మంచు పడుతోంది. రోవీనా బల్ల మీద ఒకే ఒక్క పేరు మిగిలింది. ఎమొరీ పెల్హామ్. ఆనకట్టలు పరీక్షించే ఇంజినీరు, నెమ్మదస్తుడు. మర్నాడు పొద్దున్నే డైరెక్టర్ వోస్ ఆ విభాగానికి కొత్త అధిపతిని ఎంచుతుంది. పెల్హామ్ కాగితం మీద ఈ రాత్రికి రోవీనా సంతకం పడకపోతే, ఆయన పేరు పరిశీలనకే రాదు.

చిక్కల్లా ఒక్కటే. పెల్హామ్ భార్యకి ఆనకట్టలకి సిమెంటు అమ్మే హాల్బర్ట్ కంపెనీలో షేర్లున్నాయని పాత ఫైల్లో ఉంది. ఆ తర్వాతి ఏ కాగితంలోనూ ఆ మాటే లేదు, అమ్మినట్టు రుజువూ లేదు. అమ్మేశారా? దాచేశారా?

అడుగుదామని కిందికెళ్తే కుర్చీలో మనిషి లేడు. కోటు మాత్రం వేలాడుతోంది.

"పెల్హామా?" అంది పక్క బల్ల అమ్మాయి, మీటింగుకి కాగితాలు సర్దుకుంటూ మూతి తిప్పి. "గురువారం మీటింగు వేళకి మాయమైపోతాడుగా. మీటింగంటే పారిపోయేవాడికి పదవి ఎలా ఇస్తానని డైరెక్టరే అంటోంది. నేను చెప్పానని అనకండి."

గేటు దాటలేదని ఓపల్ ఒట్టేసింది. రోవీనా క్యాంటీన్ చూసింది. లైబ్రరీ చూసింది. ఒక్కో అంతస్తూ వెతుకుతూ పైకొచ్చింది. చివరికి మిగిలింది...

ఐదోది.

వెనక్కి తిరిగిపోదామనుకుంది. కానీ ఒక మనిషి బతుకు తన చేతిలో రెపరెపలాడుతోంది. భయపడి దిగిపోతే, రేపు ఆయన మొహం ఎలా చూడటం?

తలుపు తోసింది.

అడుగు వేస్తే నెత్తి మీద దీపం వెలిగింది. మరో అడుగు — మరో దీపం. వెనక్కి చూస్తే మొదటిది ఆరిపోయింది. చీకటి ఆమె మడమలు పట్టుకుని నడుస్తున్నట్టుంది.

అప్పుడు వినపడింది.

గోడలోంచి... చాలా మంది కలిసి, చాలా దూరం నుంచి... "హాల్... బర్ట్... హాల్... బర్ట్..."

రోవీనా అడుగు ఆగింది. తన ఫైల్లోని కంపెనీ పేరు గోడకెలా తెలుసు?

ఆ గుసగుసలు పెరిగిన కొద్దీ, కారిడార్ చివరనుంచి కూనిరాగం కూడా పెరిగింది. ముక్కుతో తీసే రాగం. ఆమె గోడ పట్టుకుని ఒక్కో అడుగే వేసింది. చివర కిటికీ. కిటికీ బయట మంచు. ఆ తెల్లటి వెలుగుకి అడ్డంగా — ఒక ఆకారం. కదలదు. తలకి రెండు పక్కలా కొమ్ములు...

"ఎవరు?" అని గుసగుసగా అడిగింది. నానమ్మ నేర్పిన ప్రార్థన సగమే గుర్తొచ్చింది.

ఆకారం వినలేదు. రాగం ఆగలేదు. రోవీనా ఇంకో అడుగు వేసింది. దీపం వెలిగింది.

కొమ్ములు కాదు. మోచేతులు. రెండు చెవులూ అరచేతులతో గట్టిగా మూసుకుని నిలబడ్డాడు ఎమొరీ పెల్హామ్.

మనిషి కదిలితేనే వెలిగే ఆ దీపం చూసి తిరిగాడు. చేతులు దించి, ఆమె చెవిలో చెప్పినంత మెల్లగా అడిగాడు: "మీరూ వినకూడదా అమ్మా? మీ ఆయనకి కూడా హాల్బర్ట్‌లో షేర్లున్నాయా?"

"నాకసలు ఆయనే లేడండి," అంది రోవీనా గోడకి చేరబడి. "ఆ... ఆ గోడ మాట్లాడుతోందేమిటి?"

"గదులకి వేడి పంపే గొట్టం. సరిగ్గా కింద మీటింగు గది. వాళ్ల మాటలు ఇందులోంచి పైకొస్తాయి. అందుకే రాగం తీస్తాను, చెవిన పడకుండా."

"ఎందుకు పడకూడదు?"

"మీ ముందున్న లాయరుగారు ఉత్తరం ఇచ్చారు కదా. ఆ కంపెనీ మాటొస్తే గదిలోంచి లేచిపో, వినపడనంత దూరం పో అని. గురువారాలు ఆ మాట రాని మీటింగుండదు."

"షేర్లు ఇంకా ఉన్నాయా?"

"అబ్బే. లొరేనా ఎప్పుడో అమ్మేసింది. ఇల్లు కురుస్తుంటే ఆ డబ్బుతో కప్పు వేయించాం."

"మరి ఇంకా ఎందుకు బయటికొస్తున్నారండీ?"

పెల్హామ్ ఆమెని వింతగా చూశాడు. "వెళ్లమని రాశారు. రమ్మని ఎవరూ అనలేదు కదమ్మా."

రోవీనాకి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఇన్ని చలికాలాలు! తమ ఆఫీసు ఒక్క మాట మరిచిపోయినందుకు, ఒక మంచి మనిషి దెయ్యమై బతికాడు.

షేర్లు అమ్మిన కాగితం కావాలంది. పెల్హామ్ ఇంటికి ఫోను చేశాడు. లొరేనా గొంతు కారిడారంతా మోగింది.

"ఇంకా ఆ పాడు కారిడార్లోనే ఉన్నావా? ఇంకా బయటికి పోవాలా అని అడగవయ్యా, అడగవయ్యా అని ఎన్నిసార్లు చెప్పాను? సిగ్గు! పెళ్లి చేసుకుందామని కూడా నేనే అడగాల్సొచ్చింది."

"లాయరమ్మ పక్కనే ఉంది లొరేనా," అని ఆయన గొణిగాడు.

"ఉండనీ. ఆవిడకీ తెలియాలి."

కాసేపట్లో కాగితం ఫొటో ఫోనులోకి వచ్చింది. పేరు, తేదీ, అన్నీ సరిగ్గా ఉన్నాయి. కిటికీ గట్టు మీదే రోవీనా సంతకం చేసింది. ఇక వెళ్లనక్కర్లేదని ఆ కిందే నాలుగు ముక్కలు రాసి ఆయన చేతికిచ్చింది. ఇద్దరూ కిందికి దిగారు.

మీటింగు గది తలుపు తీయగానే తలలన్నీ తిరిగాయి.

"ఇన్నాళ్లకి దారి తెలిసిందా పెల్హామ్?" అంది డైరెక్టర్ వోస్.

రోవీనా ఆయన వైపు చూసింది, చెప్పనా అన్నట్టు. ఆయన తలూపాడు. అప్పుడు చెప్పింది: "ఆయన పారిపోలేదండి. లేచి వెళ్లిపొమ్మని చెప్పింది మేమే. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. మేమే మళ్లీ పిలవడం మరిచిపోయాం."

గోడలో గొట్టం టకటకమంది.

"ఇప్పటిదాకా ఎక్కడుండేవాడివయ్యా?" వోస్ గొంతు మెత్తబడింది.

"పైన, ఐదో అంతస్తులో..."

పక్క బల్ల అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత గదంతా నవ్వింది, పెల్హామ్‌తో సహా. బల్ల చుట్టూ ఆయనకి కుర్చీ కూడా లేదు. వోస్ లేచి గోడ వారనున్నది లాక్కొచ్చి తన పక్కన వేసింది.

"కూర్చో. రేపు మీ విభాగం సంగతి తేల్చేముందు నీ మాట వినాలి. ముందు ఇది చూడు... హాల్బర్ట్ వాళ్లు పంపిన..."

ఆ పేరు వినగానే ఎమొరీ పెల్హామ్ లేచి నిలబడి, తలుపు వైపు తిరిగాడు.

తలుపు దగ్గర రోవీనా ఉంది. "కూర్చోండి," అంది మెల్లగా. "వినండి."