రేణు రాసిన ఒక్క లైను

రేణు మొదట చూసింది చక్రపాణి బూట్లని. అప్పుడామె అతని కారు కింద పడుకుని ఉంది.

"మీ కారు ఫ్రేమ్ ఒరిజినల్ కాదండీ," అంది అక్కణ్ణించే.

"అరవై ఏడు మోడల్ కన్వర్టిబుల్. పేపర్స్ ఉన్నాయి."

"పేపర్స్‌ల ఉంటది. కింద లేదు."

2007 ఏప్రిల్. నేపర్‌విల్ పక్కన పాత కార్లు బాగుచేసే గ్యారేజ్. వరంగల్ నుంచి వచ్చి ఎం.ఎస్. చేసిన రేణు అక్కడ ఇన్‌స్పెక్షన్ ఇంజనీర్. తెనాలి నుంచి వచ్చిన చక్రపాణిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

బయటికి జారి, ముక్కు మీద గ్రీజు మరకతో ఆమె విడమరిచి చెప్పింది. పైకప్పు మడిచేసే ఇలాంటి కారు వంగిపోకుండా, ఫ్యాక్టరీలోనే అడుగున ఉండే ఫ్రేమ్ దూలాలని నాలుగు వైపులా మూసి పెట్టెలా చేసేవారు. కప్పున్న కార్లకి ఒక పక్క తెరిచే వదిలేసేవారు. చక్రపాణి కారు అసలు ఫ్రేమ్ తుప్పు పట్టి పోయి ఉంటుంది. ఎవరో కప్పున్న కారు ఫ్రేమ్ తెచ్చి, తెరిచిన వైపు రేకు ముక్కలు వెల్డింగ్ చేశారు.

"అది ఊడితే?"

"స్పీడ్‌గా పోయి గుంటల పడితే ఫ్రేమ్ విరగొచ్చు."

"పెళ్లి సంబంధాలు కూడా ఇలాగే టార్చ్ వేసి చూస్తారా?"

"అందుకే ఒక్కటీ కుదరలే."

అతను నవ్వేశాడు. ఫ్రేమ్ మార్చే పని మీద మాట్లాడాలంటూ ప్రతి శనివారం వచ్చేవాడు. మాటలు కాఫీ దాకా, కాఫీ మిషిగన్ సరస్సు దాకా వెళ్ళాయి. ఒకరోజు టాప్ దించి ఉండగా వాన పట్టుకుంది. ఇద్దరూ నిలువునా తడిసి, టాప్ ఎక్కించడం మానేసి నవ్వుతూ కూర్చున్నారు. ఫ్రేమ్ మాత్రం మారలేదు.

మరుసటి ఏడాది ఆగస్టులో చక్రపాణికి రెండు వేల మైళ్ళ దూరాన సన్నీవేల్‌లో ఉద్యోగం వచ్చింది. రేణు వాళ్ళమ్మ ఫోన్‌లోనే పెళ్లికి ఒప్పుకుంది. కారు కొనడానికి మిస్టర్ హాల్ అనే రిటైరైన పోస్ట్‌మ్యాన్ ముందుకొచ్చాడు. గ్యారేజ్ రిపోర్ట్ కావాలన్నాడు.

"ఒక్క లైన్, రేణూ. 'ఫ్యాక్టరీ ఫ్రేమ్' అని రాయి. ఈ డీల్ పోతే వెళ్ళేలోపు ఇంకోటి దొరకదు. మన కోసమే కదా!" అన్నాడు చక్రపాణి.

రేణు రాసింది. సంతకం చేసేటప్పుడు ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆ సంగతే తర్వాత ఆమెను ఎక్కువగా బాధపెట్టింది.

హాల్ కారు కొన్నాడు. ఆ శుక్రవారం గ్యారేజ్‌కి ఫోన్ చేసి థాంక్స్ చెప్పాడు. మర్నాడు మనవరాలిని ఎక్కించుకుని హైవే మీద విస్కాన్సిన్ వెళ్తున్నాడట.

రేణు నేరుగా చక్రపాణి అపార్ట్‌మెంట్‌కి వెళ్ళింది. అతను అట్టపెట్టెలకి టేప్ వేస్తున్నాడు.

"ఆయనకి నిజం చెప్పాలె, చక్రీ."

"నీ జాబ్ పోతుంది. వీసా పోతుంది. నలభై ఏళ్ళుగా తిరుగుతున్న కారు, ఏం కాదులే."

"నేను పక్కన కూర్చుంటే ఒక్కసారి కూడ నలభై మైళ్ళ స్పీడ్ దాటలే నువ్వు. ఎందుకు?"

అతను ఇంకో పెట్టెకి టేప్ చుట్టాడు.

రేణు హాల్ నంబర్ డయల్ చేసి ఫోన్ అతని వైపు చాపింది. "అమ్మింది నువ్వు. ముందు నువ్వు చెప్పు. సంతకం సంగతి నేను చెప్పుకుంట. ఏమొచ్చినా ఇద్దరం కలిసి పడదాం."

ఫోన్ మోగుతోంది. చక్రపాణి చేతిలోని టేపు వైపే చూస్తూ నిలబడ్డాడు.

"హలో?" అంది ముసలి గొంతు.

కాసేపు చూసి, రేణు ఫోన్ తన చెవి దగ్గర పెట్టుకుంది. పేరు చెప్పి, అంతా చెప్పింది. హాల్ ఒక్కటే అడిగాడు, సంతకం పెట్టేటప్పుడే తెలుసా అని. తెలుసంది.

హాల్ కారు వెనక్కి ఇచ్చేశాడు. గ్యారేజ్ వాళ్ళు వారం తిరక్కుండా రేణుని తీసేశారు. చక్రపాణి ఒక్కడే సన్నీవేల్ వెళ్ళాడు. వెళ్ళే ముందు పిలిచాడు గానీ, ఆమె రానంది.

"పిలగాడేం తప్పు చేసిండే?" అని వాళ్ళమ్మ ఫోన్‌లో అడిగింది.

రేణుకి ఆ నలభై మైళ్ళ స్పీడ్ గుర్తొచ్చింది.

"నన్ను మాత్రం మంచిగనే చూసుకున్నడమ్మా," అంది.