అవిసె జిగురు, ఆగలేని నత్త

"పిచ్చి పట్టింది మీ మిషన్‌కా, మీకా?"

తలుపు తోసుకుని వచ్చిన చిటపట మొదటి మాటే అది. ల్యాబ్‌లో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు, కాకపోతే వెనకాల. మిషన్ ముందు కూర్చునే కుర్రాణ్ణి మాత్రం మొహం మీదే నత్త అంటారు. అతని దగ్గర నుంచి రిజల్ట్ రావాలంటే ఒక యుగం పడుతుంది మరి.

ఆమె పని అవిసె గింజల నుంచి జిగురు తీయడం. గింజల్ని గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, ఊరిన జిగటను గుడ్డలో వడకట్టి ఆల్కహాల్‌లో పోస్తే, జిగురు తెల్లటి పోగుల్లా విడిపోతుంది. దాన్ని ఆరబెట్టి, పొడి చేసి, మళ్లీ నీళ్లలో కలిపి అతనికిస్తుంది. అది ఎంత చిక్కగా ఉందో, ఎలా పారుతుందో మిషన్ చెప్పాలి. ఆ చెప్పడమే రోజుకో రకంగా ఉంది.

"సోమవారం నేను సెలవు పెట్టి ఫ్రెండ్ చేత పంపితే చిక్కగా ఉందన్నారు. నిన్న నేనే తెస్తే నీళ్లలా ఉందన్నారు. సీసా ఒకటేనండీ."

"జిగురు తీయడంలో ఏమైనా తేడా..."

"సీసా ఒకటే అన్నాను."

నత్త సీసా అందుకుని లేబుల్ చూశాడు.

"ఆడలేక మద్దెల ఓడు అంటారని ఇన్నాళ్లూ మిషన్‌ని ఏమీ అనలేదు. శుక్రవారానికి అంకెలు కుదరకపోతే మేడమ్ నా పద్ధతి పక్కన పెట్టి, గింజల్ని మరగబెట్టమంటారు. నా ఏడాది కష్టం సింకులో పోసినట్టే."

"మిగతావాళ్లవి ఆపి మీది ఇప్పుడే మళ్లీ చేస్తాను. మీరు ఉండండి."

ఆమె ఉంది. మళ్లీ నీళ్లలాంటి రీడింగే వచ్చింది.

ఇంటికెళ్లి అక్క దగ్గర కక్కేసింది. "అతనికి నేనంటే పడదక్కా. కావాలనే చేస్తున్నాడు."

"పడనివాడు అందరినీ ఆపి నీ శాంపిల్ ముందు ఎందుకు చేస్తాడే?" అంది అక్క, బట్టలు మడతపెడుతూ.

"త్వరగా వదిలించుకోడానికి."

"నీకు చదువు చెప్పినవాళ్లకి దండం పెట్టాలే తల్లీ."

మర్నాడు సీసాను ఫ్రెండ్ చేతికిచ్చి లోపలికి పంపి, తను గాజు తలుపు పక్కన నక్కి చూసింది. నత్త మిషన్ కింది పళ్లెంలో జిగురు వేసి, పై పళ్లెం దించి, చేతులు కట్టుకు కూర్చున్నాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు. కిటికీలోంచి వాన చూశాడు. ఎంతకీ బటన్ నొక్కడు. ఇతన్ని నత్త అంటే నత్తలు కేసు పెడతాయనుకుంది. చివరికి నొక్కాడు. సోమవారంలాగే చిక్కటి రీడింగ్ వచ్చింది.

ఆమె తలుపు తీసింది. "నా ముందు ఇలా ఎందుకు ఆగరు?"

అతను లేచి నిలబడ్డాడు. "ఆగుతాను కదా. పళ్లెం నొక్కితే జిగురు పల్చబడుతుంది. కదపకుండా వదిలితే మళ్లీ చిక్కబడుతుంది. అందుకే అందరివీ ఆగి కొలుస్తాను."

"నాది వెంటనే కొలిచారు. కళ్లారా చూశాను."

అతను ఆలోచించాడు. మొహం పాలిపోయింది.

"మీరు ఎదురుగా ఉంటే క్షణం యుగంలా ఉంటుంది. చాలాసేపు ఆగాననే అనుకుంటున్నాను."

"గడియారం చూడొచ్చుగా."

"అది మీరు నిలబడే చోటికి వెనక ఉంది. అటు చూస్తే మీరే కనబడతారు."

చిటపటకు తిట్లు వచ్చాయి గానీ, ఏది ముందు తిట్టాలో తెలియలేదు.

శుక్రవారం మేడమ్ పాత అంకెలు ముందేసుకుని కారణం అడిగింది. మిషన్ పాడైందంటే సరిపోయేది. నత్త ఆ పని చేయలేదు.

"తప్పు నాది మేడమ్. ఈవిడ పద్ధతి బాగానే ఉంది. ఈవిడంటే ఇష్టం వల్ల ఎదురుగా ఉంటే నాకు టైమ్ తెలియడం లేదు."

మేడమ్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "దీన్ని రిపోర్టులో ఏమని రాయమంటావు నాయనా?"

పాత అంకెల కాగితాన్ని అడ్డంగా కొట్టేసింది.

"అన్నీ మళ్లీ కొలువు. ఈ అమ్మాయి ఆ గది గడప తొక్కకూడదు."

సాయంత్రానికి అంకెలన్నీ కుదిరాయి. పద్ధతి నిలిచింది. అప్పుడు చిటపట ఖాళీ చేతులతో ఆ గదిలోకి వెళ్లి కుర్చీ లాగింది.

"శాంపిల్ ఏది?"

"లేదు. మేడమ్‌కి చెప్పిన మాట నాకు చెప్పనేలేదు. అందుకొచ్చాను."

"మీరంటే నాకు చాలా ఇష్టం" అనేశాడు, ఆమె ఇంకా కూర్చోకముందే.

"కాస్త ఆగండి మహానుభావా, కూర్చోనివ్వండి" అని కసిరింది. కూర్చుంది, చున్నీ సర్దుకుంది.

"ఆఁ. ఇప్పుడు చెప్పండి."