పెట్టె మీద పోసిన నీళ్లు

చాయ్ గ్లాసు గడప పక్కన పెట్టింది పెట్టినట్టే ఉంది. పైన మీగడ కట్టింది. దేవవ్వ ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతూ ఒకసారి ఆ గ్లాసును, ఒకసారి కోడలిని చూసింది. కోమల అద్దం ముందు నిలబడి చీర మీద నీలిరంగు డ్యూటీ కోటు తొడుక్కుంటోంది. నిన్న సాయంత్రం పని నుంచి వచ్చినప్పటి నుంచి ఆమె నోట మాట లేదు.

"చాయ్ ఎవలకు పోసిన?" అంది దేవవ్వ.

"తాగబుద్ధి అయితలేదు అత్తా."

"రాత్రి బువ్వ తినబుద్ధి కాలే. పొద్దుగాల చాయ్ తాగబుద్ధి కాదు. ఆడ ముసలోళ్లకు తినిపిస్తే ఈడ నీ కడుపు నిండుతదా?"

కోమల సద్ది డబ్బా సంచిలో పెట్టుకుంది.

"అడిగితే గోడకు చెప్పినట్టున్నది. ఇంట్ల నేనొకదాన్ని ఉన్న అన్న సోయి ఉన్నదా నీకు?"

"ఆటో పోతది అత్తా. పొద్దుమీకి మాట్లాడుదాం."

"పొద్దుమీకి వచ్చినంక వెనుక నల్లా కాడ తలకు పోసుకోకుంట గడప తొక్కకు. మల్ల చెప్తున్న."

కోమల అప్పుడు తిరిగి చూసింది. "ఏ పొద్దు తొక్కిన?" అని మాత్రం అని బయటికి నడిచింది.

దేవవ్వ చేతిలో దారం తెగింది. ఆ ఒక్క మాటలో ఎంత కోపం ఉందో ఆమెకు తెలుసు. తన దగ్గర అంతకంటే ఎక్కువే ఉంది.

పోయిన వానాకాలం దేవవ్వ ఒక్కగానొక్క కొడుకు పరశురాములు మస్కట్‌లో నిద్రలోనే పోయాడు. అక్కడ మేస్త్రి పని. చిన్న వయసులోనే అక్కడికి వెళ్లిన మనిషి, మధ్యలో సెలవులకు రావడమే తప్ప నిలిచి ఉన్నది లేదు. కాగితాల పని తెగక శవం రావడానికి చాలా రోజులు పట్టింది. వచ్చింది మనిషి కాదు, మేకులు కొట్టిన చెక్కపెట్టె. ఊరంతా ఏడ్చింది. అతని కూతురు నవత స్పృహ తప్పి పడిపోయింది. కోమల మాత్రం ఏడవలేదు. పెట్టె పక్కన నిలబడింది, చెప్పినదల్లా చేసింది, కన్ను తడవలేదు. "రాయి" అన్నారు ఆడవాళ్లు, వినపడేటట్టే.

తర్వాత ఊళ్లో ఇల్లు గడవక, నవత కాలేజీకి దగ్గరని కరీంనగర్‌లో రెండు గదులు కిరాయికి తీసుకున్నారు. పిల్ల హాస్టల్లో ఉంటుంది. కోమల నర్సింగ్ అసిస్టెంట్ పని నేర్చుకొని బైపాస్ అవతల ఉన్న కేర్ హోమ్‌లో చేరింది. మంచాన పడ్డవాళ్లు, మతి తప్పినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు ఏళ్ల తరబడి ఉండే చోటు అది. వాళ్లను కడగడం, తుడవడం, తినిపించడం, పక్క మార్చడం కోమల పని. దేవవ్వకు మైల పట్టింపే తప్ప ఆ పని మీద ఏవగింపు లేదు. ఉన్నదల్లా ఒక్క ఎదురుచూపు. ఈ పిల్ల ఏనాడైనా నా కొడుకు కోసం ఒక్క చుక్క కన్నీరు పెడుతుందా అని.

ఎండ గడపలోకి వచ్చేసరికి పక్కింటి హుస్నా వచ్చింది. ఆమె అదే కేర్ హోమ్‌లో వంట చేస్తుంది. ఆ రోజు ఆమెకు సెలవు.

"కోమలక్క పోయిందా పెద్దమ్మా? జర తిన్నదా?"

"ఏం తినలే. మొఖం మాడ్చుకొని పోయింది. ఏమైందో ఎవలకెర్క!"

"చెప్పలేదా నీకు?" హుస్నా గడపలో కూర్చుంది. "నిన్న మా దగ్గర శ్యాంసుందర్ సాబ్ పోయిండు. ఆదిలాబాద్ ముసలాయన, జిన్నింగు మిల్లుల గుమాస్తా చేసిండు. కోమలక్కనే స్నానం చేయించింది. తర్వాత బట్టలుతికే గదిల కూసొని ఏం ఏడ్చింది పెద్దమ్మా! నేను పోయి పట్టుకుంటే నా భుజం మీద పడి ఎక్కెక్కి ఏడ్చింది. బంగారం అసొంటి దిల్ ఆమెది."

హుస్నా మెచ్చుకుంటూ చెప్పింది. దేవవ్వ చేతులు ఆగిపోయాయి.

"ఏడ్చిందా? కోమల?"

"అవ్, మస్తు ఏడ్చింది. ఏమైంది పెద్దమ్మా?"

దేవవ్వ చాట పక్కకు నెట్టింది. ఆకు, తంబాకు నేల మీద చెదిరాయి. కాళ్లకు చెప్పులు కూడా సరిగ్గా తొడగకుండా రోడ్డెక్కి ఆటో ఆపింది.

దారి పొడవునా ఆమె ఒకే మాట నమిలింది. ఎవరో ముసలోడు. ఎవరో ముసలోడు.

కేర్ హోమ్ హాలులో ఫినాయిల్ వాసన, జావ వాసన కలిసి ఉన్నాయి. రెండు వరుసల మంచాలు. చివరి మంచం పక్కన స్టూలు మీద కూర్చొని కోమల ఒక ముసలావిడకు చెంచాతో జావ పడుతోంది. అత్తను చూసి లేవబోయి, గిన్నె చేతిలో ఉండటంతో మళ్లీ కూర్చుంది.

"ఏమైంది అత్తా? నవత మంచిగున్నదా?"

"నవత మంచిగనే ఉన్నది. నువ్వే మస్తు మంచిగున్నవ్." దేవవ్వ గొంతు హాలంతా వినపడింది. "నా కొడుకు పెట్టె వాకిట్ల దించితే నీ కంట్ల నుంచి ఒక్క చుక్క రాలే. ఎవలో ముసలోడు పోతే ఎక్కెక్కి ఏడ్చినవట. ఎవలే వాడు నీకు? చెప్పు, ఏమయితడు?"

కోమల చేతిలో చెంచా గాలిలో ఆగింది. మంచం మీది ముసలావిడ అనసూర్య నోరు తెరుచుకొని ఎదురుచూస్తోంది. కోమల చెంచా ఆమె నోట్లో పెట్టింది.

"మింగు అవ్వా. నిమ్మలంగ."

ఆ మెత్తని గొంతు విని దేవవ్వకు ఒళ్లు మండింది. ఆ గొంతు ఇంట్లో ఎన్నడూ వినలేదు.

"మాట్లాడుతలేవేందే? జీతమిచ్చేటోళ్ల కాడ కన్నీళ్లు వస్తయా? ఇంట్లోళ్ల కాడ ఎండిపోతయా?"

"ఈమె ఎవలే?" అంది అనసూర్య జావ మింగి. "గింత గట్టిగ మొత్తుకుంటది. చెవుడు నాకా, ఆమెకా?"

"మా అత్త, అవ్వా."

"అత్తనా? అయితే మొత్తుకోనియ్యి. మా అత్త గూడ గిట్లనే ఉండె."

పక్క మంచంలో ఎవరో నవ్వారు. దేవవ్వ ముఖం ఎర్రబడింది. మేనేజరు లక్ష్మీరాజం గదిలోంచి బయటికి వచ్చాడు.

"ఏంది కోమలా ఇది? పేషెంట్లు పరేషాన్ అయితరు. బయటికి పోయి మాట్లాడుకోండ్రి."

"జర జావ మిగిలింది సార్. తినిపిచ్చి పోతా."

ఆమె నిజంగానే గిన్నె ఖాళీ అయ్యేదాకా లేవలేదు. అత్త నెత్తి మీద నిలబడి ఉన్నా ఒక్క చుక్క ముసలావిడ మెడ మీద పడనివ్వలేదు. మూతి తుడిచింది, తల కింద దిండు సరిచేసింది, గిన్నె కింద పెట్టింది. అప్పుడు లేచి అత్త మణికట్టు పట్టుకుంది. నొప్పి పుట్టేటంత గట్టిగా.

"రా."

వెనుక దొడ్లో తీగల మీద దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. వాటి మధ్యకు లాక్కుపోయి కోమల చెయ్యి వదిలింది.

"ఇగ అడుగు. ఏం అడుగుతవో అడుగు."

"అడిగిన గద. నా కొడుకు నీకేం గాడా?"

"పెట్టె తెరువుమని నేను అనలేదా?"

దేవవ్వ ఒక అడుగు వెనక్కి వేసింది.

"అనలేదా అత్తా? మేకులు పీకుతమని మొగోళ్లు సుత్తె పట్టుకొని నిలబడ్డరు. వద్దన్నది ఎవలు? 'నా కొడుకు పెట్టె ముట్టాలంటే నన్ను చంపి ముట్టుకోండ్రి' అని అడ్డం పడ్డది ఎవలు?"

"పాడైపోయి ఉంటడన్నరే పిల్లా... ఆ మొఖం చూడలేననుకున్న..."

"నువ్వు చూడకపోదువు! కండ్లు మూసుకుందువు! నేను చూస్తనన్న గద. నీ కాళ్లు మొక్కిన గద." కోమల గొంతు పగిలింది. "బిందెడు నీళ్లు తెచ్చి నా చేతుల పెట్టిండ్రు. ఏడ పోయాలె? పెట్టె మీద పొయ్యుమన్నరు. పోసిన. చెక్క మీదికెల్లి జారి వాకిట్లకు పోయినయ్. లోపల ఆయన తడువనే లేదు. నేను ఎవల మీద పడి ఏడ్వాలె? చెక్క మీదనా?"

దుప్పటి ఒకటి గాలికి లేచి ఇద్దరి మధ్యకు వచ్చింది. కోమల దాన్ని విసురుగా పక్కకు నెట్టింది.

"లగ్గమైనప్పటి సంది ఆయన ఎప్పుడు ఇంట్ల ఉన్నడు గనుక? ఫోన్ల మాటనే గద నాకు మొగడు. ఇప్పుడు గూడ ఆడనే ఉన్నట్టు ఉంటది. తెల్వని నంబరు నుంచి ఫోన్ వస్తే గుండె ఉరుకుతది. సచ్చిండని నా చేతులకు తెల్వలే అత్తా. నువ్వు తెల్వనియ్యలే."

దేవవ్వ అక్కడే ఉన్న బట్టలుతికే బండ మీద కూర్చుంది.

కోమల కోపం ఒక్కసారిగా తగ్గలేదు. గొంతు మాత్రం తగ్గింది.

"నిన్న శ్యాంసుందర్ సాబ్ పోయిండు. ఆయన బిడ్డ గంగుబాయి ఆదిలాబాద్ నుంచి రావాలె. ఫోన్ల ఏడ్చింది. 'తాయీ, అక్కా, నేను వచ్చేదాక మా బాపును గట్ల ఉంచకు, మంచిగ స్నానం పొయ్యి' అన్నది. నీళ్లు గోరువెచ్చగ పెట్టిన. మొఖం తుడిచిన. చేతులు కడిగిన, వీపు కడిగిన. మంచిగనే చేస్తున్న. నాకు అలవాటే గద. కాళ్ల కాడికి వచ్చిన."

తన అరచేతులు చూసుకుంది.

"మడిమలు పగిలి ఉన్నయ్. లోతుగ. సిమెంటుల తిరిగినోళ్లకు పగులుతయ్ సూడు, గట్ల. ముసలాయన సిమెంటు ముట్టలే. అయినా గట్లనే ఉన్నయ్. గవి నా చేతులకు వచ్చేసరికి..."

ఆ మాట పూర్తి కాలేదు. పూర్తి కానక్కరలేదు. దేవవ్వకు కళ్ల ముందు కొడుకు కాళ్లు కనిపించాయి. సెలవుకు వచ్చిన ప్రతిసారీ అరుగు మీద కాళ్లు చాపుకొని కూర్చునేవాడు. కోమల కొబ్బరినూనెలో మైనం కరగబెట్టి ఆ పగుళ్లకు పెట్టేది. "సుర్రుమంటందే" అని వాడు కేకలేసేవాడు. "కూసో, మేస్త్రీ" అని ఈ పిల్ల నవ్వేది. తను వాకిట్లో బీడీలు చుడుతూ చూసీ చూడనట్టు ఉండేది.

చివరిసారి బస్సెక్కి చెయ్యి ఊపిన కొడుకు ముఖమే తన కళ్లలో మిగలాలనుకుంది. అందుకే పెట్టెకు అడ్డం పడింది. తన కళ్ల గురించే ఆలోచించింది. ఈ పిల్ల చేతుల గురించి ఆ రోజు ఎవరూ ఆలోచించలేదు.

"కోమలక్కా! కిటికీ పక్క మంచం తాతను పక్క మార్చాలె!" లోపలి నుంచి ఎవరో కేకేశారు.

కోమల కోటు చేతితో ముఖం తుడుచుకుంది. "నువ్వు ఇంటికి పో" అని, అత్త వైపు చూడకుండానే లోపలికి వెళ్లిపోయింది.

దేవవ్వ ఇంటికి వచ్చింది. చెదిరిన ఆకు ఎత్తలేదు, బీడీ చుట్టలేదు. పొద్దు వాలుతుండగా స్టవ్ మీద పెద్ద గిన్నె పెట్టి నీళ్లు కాచింది.

చీకటి పడకముందే ఆటో చప్పుడైంది. కోమల వాకిట్లోకి వచ్చి, రోజూ లాగే గడప తొక్కకుండా ఇంటి పక్క సందులోంచి వెనుక నల్లా వైపు మళ్లింది.

"ఆడ కాదు," అంది దేవవ్వ. "ఇంట్లకెల్లి రా."

"మైల అత్తా. ఇయ్యాల గూడ రోగులను ముట్టుకున్న."

"ఉంటే ఉండనియ్యి. రా."

కోమల కదలలేదు. దేవవ్వ దిగి వచ్చి చెయ్యి పట్టుకొని గడప దాటించింది. స్నానాల గదిలో పీట వేసి ఉంది. బకెట్లో నీళ్లు పొగలు కక్కుతున్నాయి. కోడలిని పీట మీద కూర్చోబెట్టి, జడ తనే విప్పింది. చెంబు ముంచి నెత్తిన పోసింది. రెండో చెంబు ముంచింది.

"వానికి నేను గూడ పొయ్యలే బిడ్డా," అంది. "పుట్టినప్పుడు నా కాళ్ల మీద బోర్లేసుకొని పోసిన. పోయేటప్పుడు పొయ్యలే. నీ చేతులను గూడ పొయ్యనియ్యలే."

కోమల భుజాలు కదిలాయి. ముందు చప్పుడు రాలేదు. తర్వాత వచ్చింది. పక్కింట్లో హుస్నా వినేంత పెద్దగా వచ్చింది. దేవవ్వ ఓదార్చలేదు. కన్నీళ్లకు కళ్లు కనిపించకపోయినా తడుముకుంటూ చెంబు ముంచి పోస్తూనే ఉంది.

చాలాసేపటికి కోమల తల ఎత్తకుండానే అంది. "నీ మీద కోపం పోలే అత్తా."

"పోకపోతే మానె," అంది దేవవ్వ. "తల వంచు. నీళ్లు సల్లారుతున్నయ్."