ఆకుపచ్చ పడవ ఊపిరి

చీకటి పడ్డాక మా రేవులో ఎవరూ పడవల దొడ్డి వైపు వెళ్ళరు. మరమ్మతు షెడ్డు వెనక, ఇక నీళ్ళలోకి దిగవని తేలిపోయిన పడవల్ని దుంగల మీదకి ఎక్కించి వదిలేసే చోటది. అక్కడ ఆఖరి వరసలో ఒక ఆకుపచ్చ పడవ ఉంది. చెడ్డపేరంతా దానిదే.

దాని యజమాని రెండేళ్ళ కిందట దాని మీంచే జారి, సిమెంటు గట్టు మీద వెన్ను విరిగేలా పడ్డాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళారు. తర్వాత కబురు లేదు. పోయాడనే అందరం అనుకున్నాం... వెళ్ళి కనుక్కున్నవాడు మాత్రం ఒక్కడూ లేడు.

మొదట్లో రాత్రిపూట అందులోంచి ఇనుము కదిలిన చప్పుడు వచ్చేదట. గాలికి ఏదో కొట్టుకుంటోందిలే అని వదిలేశారు. కానీ ఆర్నెల్ల నించీ వేరే చప్పుడు — ఊపిరి. లోపల ఎవరో ఆయాసపడుతున్నట్టు... హుస్స్... కాస్త ఆగి, మళ్ళీ హుస్స్... వలలు కుట్టే ముసలాయన స్వయంగా విన్నాడు. విని, ఒక చెప్పు అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. ఆ చెప్పు తెచ్చిచ్చినవాడికి టీ ఇప్పిస్తానని ఆయన ఇప్పటికీ అంటుంటాడు. ఆ టీ ఇంతవరకూ ఎవడూ తాగలేదు.

నాది రేవు ఎదుట పాత సామాన్ల కొట్టు. కంపెనీ తయారు చేయడం మానేసిన పడవ ఇంజన్లకి కూడా విడిభాగాలు ఎక్కడెక్కడి నించో వెతికి పెడతానని నాకో పేరుంది. ఎక్కడి నించో అని ఎవరూ అడగరు. నేనూ అడగను.

ఈ కథ నాకు చెప్పింది మా మెకానిక్. స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజన్ మీద, ఇంకో కొస చెవిలో పెట్టుకుని రోగం చెప్పేస్తాడు కాబట్టి అందరూ వాణ్ణి డాక్టరంటారు. నన్ను బాబాయ్ అంటాడు. పక్క రేవు నించి నాకో బేరం వచ్చింది — ముప్ఫై ఏళ్ళనాటి రెండు సిలిండర్ల ఇంజన్‌కి ఉప్పునీళ్ళు లాగే పంపు కావాలట. అలాంటి ఇంజన్ మా దగ్గర ఒక్క ఆకుపచ్చ పడవలోనే ఉంది.

“పోయినోడికి పంపెందుకురా?” అన్నాను నేను. ఆ మాట అన్నది నేనే.

పంపు జేబులో పట్టేది కాదు, పగలు కాపలావాడు చూస్తాడు. అందుకని డాక్టర్ రాత్రి పదిన్నరకి సంచీ భుజానేసుకుని బయల్దేరాడు. దెయ్యం మాటెత్తితే నవ్వే రకం వాడు. పైగా, ఇంకెవడూ భాగాలకి చెయ్యి పెట్టకుండా ఉండాలని ఆ కథకి నాలుగు మసాలాలు కలిపి ఊరంతా తిప్పింది కూడా వాడే.

దొడ్డిలో వెలుతురు లేదు. దుంగల మధ్య అడుగులో అడుగు వేసుకుంటూ ఆఖరి వరస దాకా వెళ్ళాడు. పడవ పక్కన నిచ్చెన ఉంది. మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు...

హుస్స్.

ఆగిపోయాడు. గాలేమో అనుకున్నాడు. గాలి లేదు.

హుస్స్... ఈసారి ఊపిరి వెంట ఒక గొంతు. చాలా మెల్లగా — “పధ్నాలుగు...”

దిగి పారిపోదామనుకున్నాడట. ఎందుకో పైకే ఎక్కాడు. ఇంజన్ గది మూత తీసి ఉంది. వంగి చూశాడు.

అడుగున తెల్లటి ఆకారం. తల మీద తెల్ల గుడ్డ. ముందుకీ వెనక్కీ ఊగుతోంది... హుస్స్... “పదహారు...”

వాడి భుజం మీంచి సంచీ జారి, పానాలన్నీ గల్లుమని కింద పడ్డాయి.

ఆకారం తలెత్తి, టార్చి వెలిగించింది. “ఎవరది?”

దెయ్యానికి ఆయాసం. ముఖమంతా చెమట. చేపలు ప్యాక్ చేసే షెడ్డులో ఆడవాళ్ళు వేసుకునే తెల్ల కోటు, జుట్టుకి తెల్ల టోపీ, కాళ్ళకి రబ్బరు బూట్లు. ఇంజన్ చక్రానికి తగిలించిన పొడవాటి కడ్డీ చేతిలో ఉంది. ఆ పడవ యజమాని భార్య.

“నేనక్కా... మెకానిక్‌ని,” అన్నాడు వాడు.

“హమ్మయ్య, నువ్వా తమ్ముడూ! దెయ్యమనుకుని చచ్చాను,” అంది ఆవిడ. “ఉండు, ఇంకో నాలుగున్నాయి. లెక్క తప్పితే ఆయనతో పడలేను.”

“ఆయన... ఉన్నారా అక్కా?”

“ఉండకేం! ఊరవతల మా ఆడపడుచు ఇంట్లో, ఎక్కువసేపు మంచం మీదే. వారానికోసారి ఇరవై చుట్లు తిప్పకపోతే ఇంజన్ లోపల పట్టేస్తుందని ఒకటే పోరు. నాకు పది గంటలకి గానీ డ్యూటీ దిగదు. ఇలా వచ్చి తిప్పి పోతాను.”

రెండేళ్ళుగా. ఒక్క వారం మానకుండా.

ఇరవై అయ్యాక కడ్డీ కింద పెట్టి, టార్చి చేతిలోకి తీసుకుని, వాడు అడగకుండానే అంది — “పంపు కోసం వచ్చావా? సంచీ చూస్తే తెలుస్తోందిలే. తీసుకో. ఎవరి పడవైనా ఆగిపోతే మనది ఇచ్చేయ్, నేను లేచేటప్పటికి మళ్ళీ వెతుక్కుందాం అన్నారు ఆయన. అడిగి తీసుకెళ్తే చాలట.”

అడిగి తీసుకెళ్తే చాలట! ఆ మాట చెప్పేటప్పుడు డాక్టర్ నా మొహం చూడలేదు.

“ఇంకో సంగతి తమ్ముడూ, నువ్వయితే చెప్పగలవు,” అంటూ ఆవిడ టార్చి ఇంజన్ నెత్తి మీదకి తిప్పింది. “మొదట్లో ఒక్క చుట్టుకే భుజాలు పడిపోయేవి. ఆర్నెల్ల నించీ ఎంత తేలిగ్గా తిరుగుతోందో! ఊపిరి కూడా పీలుస్తోంది, విన్నావుగా. బాగుపడుతోంది కదూ?”

టార్చి వెలుతురులో రెండు కన్నాలు. వాటి అంచులు శుభ్రంగా తుడిచి ఉన్నాయి.

“దుమ్ము పడకుండా ఈ రెండింటినీ వారం వారం తుడుస్తున్నాను. దానికి ముక్కులనుకుంటా,” అని నవ్వింది ఆవిడ.

ఇంజన్ల సంగతి తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. ఆ కన్నాల్లో ఉండాల్సినవి డీజిల్ చిమ్మే నాజిళ్ళు. అవి బిగించి ఉంటే లోపల గాలి నొక్కుకుపోయి, చక్రం తిప్పడానికి ప్రాణం పోతుంది. అవి పీకేస్తే గాలి కన్నాల్లోంచి హుస్సుమని బయటికి తన్నుకొస్తుంది, చక్రం తేలిగ్గా తిరుగుతుంది. అది బాగుపడటం కాదు. ఆ ఇంజన్ ఇక రాజుకోదు.

ఆ నాజిళ్ళు ఆర్నెల్ల కిందట పీకింది డాక్టరే. పట్టపగలు, కాపలావాడు భోజనానికి వెళ్ళినప్పుడు, జేబులో వేసుకుని వచ్చేశాడు. పీకాక కన్నాల్లో గుడ్డపీలికైనా కుక్కాలి — నిన్న మొన్న పని నేర్చుకున్నవాడికి కూడా తెలుసు ఆ సంగతి. అదీ చెయ్యలేదు. మూత సందుల్లోంచి కారే నీళ్ళతో ఒక వానాకాలం వాటి మీంచే వెళ్ళిపోయింది.

“ఏమన్నావురా మరి?” అని అడిగాను.

“బాగుపడుతోందక్కా అన్నాను బాబాయ్.”

పంపు ముట్టుకోకుండా వచ్చేశాడు. ఆవిడే కిందకి దిగి, పానాలన్నీ ఏరి సంచీలో వేసి ఇచ్చిందట. తెల్లారేదాకా నా కొట్టు అరుగు మీద కూర్చున్నాడు. నేను తలుపు తీయగానే ఇదంతా ఒక్క గుక్కలో చెప్పి, చివర్న అడిగాడు — “బాబాయ్, ఆ నాజిళ్ళు ఎవరికి అమ్మావో గుర్తుందా?”

గుర్తుంది. వాడు తెచ్చిచ్చిన రోజున అవి ఏ పడవవో చూడగానే తెలిసింది కూడా. ఇప్పుడు పంపు అడుగుతున్న పక్క రేవు మనిషికే అమ్మాను. కబురు పెట్టాను. ఆ నాజిళ్ళు బిగించిన వాడి రెండో పడవ సముద్రం మీద ఉంది, నెల దాకా రాదన్నారు. నాజిళ్ళు వచ్చినా, వాన నీళ్ళు తాగిన సిలిండర్లు ఏ స్థితిలో ఉన్నాయో విప్పితే గానీ తెలియదు.

మూడో రోజు మధ్యాహ్నం ఆవిడ నా కొట్టుకి వచ్చింది. చేతిలో చీటీ. వంకరటింకర అక్షరాలు, పడుకుని రాసినట్టున్నాయి. ఆయిలు ఫిల్టర్ ఒకటి, బెల్టు ఒకటి.

“ఇవి చాలట అన్నయ్యా,” అంది సంబరంగా. “మెకానిక్ తమ్ముడు కూడా చూసి చెప్పాడు, బాగుపడుతోందని.”

ఫిల్టర్ తీసి కాగితంలో చుడుతున్నాను. ఆవిడ అరచేతులు బల్ల మీద ఉన్నాయి. వేళ్ళ కింద కాయలు కాచి, ఒకటి పగిలి ఉంది. తల తీసేసినట్టయింది నాకు. ఇక దాచలేకపోయాను. నాజిళ్ళ సంగతి, డాక్టర్ సంగతి, నా సంగతి — తల వంచుకునే చెప్పేశాను. ఊపిరి అంటే ఏమిటో కూడా చెప్పాను.

ఆవిడ అరుస్తుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

ఆవిడ చుట్టూ చూసి, గొంతు తగ్గించి అంది — “ఈ సంగతి ఆయన చెవిన పడనివ్వకండి అన్నయ్యా. ఇంజన్ తేలిగ్గా తిరుగుతోందని నేను చెప్పిన రోజే... గోడ పట్టుకుని లేచి నిలబడ్డారు. ఇప్పుడు గుమ్మం దాకా నడుస్తున్నారు.”

చుట్టిన ఫిల్టర్ పక్కన బెల్టు కూడా తీసి పెట్టాను.

ఆవిడ చీటీ మడిచి కోటు జేబులో పెట్టుకుంది. ఆ ఇంజన్‌కి ఇప్పుడు ఎందుకూ పనికిరాని ఫిల్టర్‌నీ బెల్టునీ జాగ్రత్తగా సంచీలో సర్దుకుంది. వెళ్ళగానే ఆయనకి చూపించాలట.