బేత్షామీరు ఉత్తర ద్వారం

పడమటి సముద్రపు గాలి సోకే ఇశ్రాయేలు కొండల నడుమ, ఒలీవ తోటలు చుట్టూ పరచుకొని ఉండగా, తెల్లరాతి ప్రాకారాలతో తలెత్తి నిలిచిన బేత్షామీరు నగరానికి ఆ కాలాన పట్టిన దౌర్భాగ్యం పేరు యోషవ్యా మహారాజు. పూర్వులు చెక్కని రాళ్లతో కట్టి యెహోవాకు బలులర్పించిన పీఠాన్ని పట్టాభిషేకమైన తొలి వేసవిలోనే కూలదోయించి, ఆ చోట ఉత్తరాన ఉన్న అష్షూరు సామ్రాజ్యపు దేవతలకు గద్దె కట్టించిన ఘనుడాయన. ఇశ్రాయేలులో రాజంటే దేవుని నిబంధనకు కావలివాడు, తైలాభిషేకం పొందినవాడు, జనం తప్పు చేస్తే వారికన్న ముందు తాను దేవుని ఎదుట మోకరించవలసినవాడు. యోషవ్యా మోకాళ్లు మాత్రం బలవంతుడెవడు కనబడితే వాడి ముందే వంగేవి.

అటువంటి రాజుకు అన్ని విధాలా తగిన మంత్రి పెలత్యా. ప్రభువు తుమ్మినా దైవవాక్కేనని సభలో తల ఊపి పదవి నిలుపుకొన్నవాడు. “అష్షూరు చక్రవర్తి నీడ ఉండగా మనకు సేనతో పనేమి ప్రభూ?” అని అతడు నూరిపోయగా, రాజు సగం సైన్యాన్ని ఇళ్లకు పంపివేసి, ఆయుధశాలలోని కంచును కరిగించి కొత్త గద్దెకు తొడుగు చేయించాడు.

నీడనిస్తామన్నవారే ద్రాక్షకోతలు ముగియగానే దండెత్తి వచ్చారు. అష్షూరు సేనాని అదద్నాసిరు ఉత్తర ద్వారం ఎదుట గుడారాలు వేసి దూతను పంపాడు. “తలుపులు తెరవండి. రాజు వెలుపలికి వచ్చి చక్రవర్తి విగ్రహానికి సాగిలపడితే ఆయన ప్రాణం ఆయనకు దక్కుతుంది. జనం మాత్రం మాకు బానిసలు.”

రాజు మారు ఆలోచించలేదు. ఉత్తర ద్వారాన్ని కాస్తున్న వృద్ధ సేనాపతి హనామెయేలును సభకు రప్పించి, తలుపులు తీయమన్నాడు.

హనామెయేలు దుమ్ము నిండిన కవచంతోనే సింహాసనం ఎదుట నిలిచాడు.

“నా యేలినవాడా! మీ తండ్రిగారి రథం పక్కన పోరాడినవాణ్ణి నేను. మిమ్మల్ని సింహాసనం మీద కూర్చోబెట్టిననాడు జయధ్వానం చేసిన గొంతు నాది; అందుకు ఈనాడు సిగ్గుపడుతున్నాను. దేవుణ్ణి అమ్ముకున్నారు, సహించాను. సేనను అమ్ముకున్నారు, సహించాను. ఇక అమ్మడానికి మిగిలింది జనమే కాబట్టి వారినీ బేరానికి పెట్టారు. దక్షిణపు లోయలో శత్రువు కావలి లేదు. ఆ దారిన జనమంతా కొండలు దాటేవరకు ఈ ద్వారం తెరుచుకోదు. ఆ తరువాత ఆజ్ఞ మీరిన నేరానికి నా తల తీసుకోండి.”

“ఇది రాజద్రోహం!” అని కేక వేశాడు పెలత్యా.

“నోరు మూసుకో మంత్రీ. ద్రోహమంటే ఏమిటో నీ దగ్గర నేర్చుకోవలసినంత దిక్కులేనివాణ్ణి కాను.”

రాజు సభలోని భటుల వైపు చూశాడు. ఒక్కడూ కదలలేదు. ఆయన చేతి ఉంగరాన్ని తిప్పుకుంటూ కూర్చున్నాడు.

వెలుపలికి వచ్చాక దళపతి ఒబద్యేలు ఆవేశం పట్టలేకపోయాడు. “అయ్యా, ఒక్క వేటు చాలు! ఆ పిరికివాణ్ణి నరికి మీరే సింహాసనమెక్కండి. జనం మీ కాళ్లు కడుగుతారు.”

“వద్దు నాయనా,” అన్నాడు హనామెయేలు. “ఆ మనిషిని చూస్తే నాకూ అసహ్యమే. కాని వాడి తలమీద పోసిన తైలం యెహోవాది. దాని మీద కత్తి ఎత్తను. నువ్వు వెళ్లి పసివాళ్లనూ ముసలివాళ్లనూ ముందు నడిపించు.”

మధ్యాహ్నానికి వీధులు లోయవైపు ప్రవాహంలా కదిలాయి. సగం జనమైనా ఊరు దాటకముందే పెలత్యా అంతఃపుర భటులతో దొంగచాటుగా వచ్చి, కాపలావారిని పొడిచి, ఉత్తర ద్వారపు గడియ లాగించాడు. తలుపులు కిర్రుమన్నాయి. అష్షూరు సేన ఘోషిస్తూ లోపలికి దూసుకువచ్చింది.

గోడల నడుమ ఇరుకు దారిలో హనామెయేలు తనవారితో అడ్డుగా నిలిచాడు. ఈటె విరిగితే కత్తితో, కత్తి వంగితే డాలు అంచుతో పోరాడాడు. పక్కవారు ఒక్కొక్కరే ఒరిగిపోయినా ఆ వృద్ధుడు వెనుకంజ వేయలేదు. జనమంతా దాటిపోయారన్న గుర్తుగా దక్షిణపు కొండ మీద ఒబద్యేలు కొమ్ము ఊదాడు. ఆ నాదం విని తల తిప్పిన క్షణాన ఒక బాణం ఆయన గొంతులో దిగింది.

అదద్నాసిరు నగరంలో అడుగుపెట్టేసరికి బానిసలుగా పట్టుకుపోవడానికి మిగిలినవారు మంత్రీ, అంతఃపుర భటులూ, రాజూ మాత్రమే. బహుమానం కోసం ముందుకు వచ్చిన పెలత్యాను ఎగాదిగా చూసి, “వీణ్ణి గొలుసుకు కట్టండి. వదిలితే రేపు మా తలుపులూ తీస్తాడు,” అన్నాడు సేనాని. యోషవ్యా పిలవకుండానే వచ్చి, దుమ్ములో సాగిలపడ్డాడు. సేనాని ఆయనను దాటి నడిచి శవం దగ్గర ఆగాడు.

“ఎవరితడు?”

“నా... నా సేనాపతి ప్రభూ.”

“నీకా?” అదద్నాసిరు నమ్మలేనట్టు నవ్వాడు.

యోషవ్యాలో ఏం కదిలిందో, లేచి వచ్చి, చక్రవర్తి కానుకగా పంపిన తన రాజవస్త్రం విప్పి హనామెయేలు మీద కప్పబోయాడు. సేనాని కత్తి మొనతో దానిని పక్కకు నెట్టాడు.

“ఇది మా చక్రవర్తి నీకు విసిరిన బట్ట. ఇటువంటివాడి మీద వేయకు.”

అదద్నాసిరు తన ఎర్రటి యుద్ధపు దుప్పటి తీసి, వంగి, వృద్ధుడి ముఖం వరకు కప్పాడు. అష్షూరు సైనికులు తలలు వంచారు. కొండగాలికి వణుకుతూ, లోపలి బట్టలతో మిగిలిన రాజు వైపు ఎవరూ చూడలేదు.