ఏడో నంబరు బిళ్ళ

పొద్దున్న తొమ్మిదైనా మంచు విడలేదు. కంట్రోల్ రూములో ఇన్‌ఛార్జి ఫ్లాస్కులోంచి టీ ఒంపుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఇక్కడ దిగే విమానాలకు చక్రాలుండవు. పట్టాల అయస్కాంతాలకు కరెంటిస్తే పెద్ద బండి ఒకటి జానెడెత్తున తేలుతూ విమానం కింద పరుగెత్తి, దాన్ని వీపున దించుకుంటుంది. బండి పొట్ట మాత్రం పట్టాల మధ్య కందకాన్ని ఊడ్చుకుంటూ పోతుంది.

అందుకే ఒక పద్ధతుంది. మరమ్మతుకు కందకంలోకి దిగేవాడు కంట్రోల్ రూము గోడ మీది కొక్కెం నుంచి తన నంబరు ఇత్తడి బిళ్ళ తీసి మెళ్ళో వేసుకోవాలి, పైకొచ్చాక తగిలించాలి. ఒక్క కొక్కెం ఖాళీగా ఉన్నా కరెంటు రాదు.

నిరుడు ఇన్‌ఛార్జి బావమరిది, బిళ్ళ తాడు తెగిందని, తన ఏడో నంబరు బిళ్ళ బల్ల మీద వదిలి కందకంలోకి దిగాడు. ఇన్‌ఛార్జి దాన్ని చూసి, వాడు పైకొచ్చేశాడనుకున్నాడు. అనుకున్నాడో, అనుకోవాలనుకున్నాడో! "విమానం ఆలస్యం కాకూడదు" అంటూ తనే తగిలించేశాడు. వాణ్ణి బండి మైలు దూరం ఈడ్చుకుపోయింది. పెళ్ళాంతో మాత్రం, "నీ తమ్ముడే చెప్పకుండా దిగాడే" అన్నాడు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఈయన చెబితేగా! తోటివాళ్ళకు మాత్రం అనుమానం ఉండనే ఉంది. అతనితో డ్యూటీకి ఎవరూ రావడం లేదు.

ఇవాళ వచ్చే విమానంలో అతని భార్య ఉంది.

రేడియో గరగరలాడింది. "ఇంధనం ఇరవై నిమిషాలకే ఉంది. బండి పంపండి."

మీట నొక్కాడు. కరెంటు రాలేదు. గోడ వైపు చూస్తే ఏడో కొక్కెం ఖాళీ. అది వాడిది. వేరే బిళ్ళ దానికి పట్టదు.

కందకం ఫోను మోగింది. కింద ఎవరూ లేరు.

"బావా... బిళ్ళ ఇక్కడుంది. వచ్చి తీసుకో."

అది వాడి గొంతే. వెళ్ళకపోతే పెళ్ళాం దక్కదు. తన బిళ్ళ మెళ్ళో వేసుకుని, గదికి తాళం వేసి దిగాడు.

కందకంలో మూరెడు దూరం కూడా కనిపించడం లేదు. తడి సిమెంటు వాసన... దాని వెనకే కాలిన రాగి వాసన. తలుపు చప్పుడు లాంటిదేదో వినిపించి ఆగాడు. ఏమీ లేదు. బండి పొట్ట కింద తడిమాడు. బిళ్ళ దొరికింది. వెచ్చగా ఉంది, అప్పుడే ఎవరి మెళ్ళోంచో తీసినట్టు.

గుప్పిట బిగించి నిచ్చెన వైపు పరుగెత్తాడు. నిచ్చెన పక్కన ఫోను రిసీవరు వేలాడుతోంది... మెల్లగా ఊగుతోంది.

"బావా..."

"తప్పయిపోయిందిరా! అక్కకు అంతా చెప్పేస్తాను. నన్ను పోనీరా..."

"ముందు అక్క దిగాలిగా. నీ బిళ్ళ నేను తగిలిస్తాలే. విమానం ఆలస్యం కాకూడదు."

ఫోనులో, కొక్కేనికి బిళ్ళ తగిలినట్టు టిక్కుమంది. మళ్ళీ టిక్కుమంది.

గుప్పిట తెరిచాడు. ఖాళీ. మెడ తడుముకున్నాడు. తెగిన తాడే చేతికొచ్చింది.

వెనకాల మంచులో బండి పైకి లేచింది.

గది తాళంచెవి మాత్రం అతని జేబులోనే ఉంది.