మామిడి గదిలో ఎక్కువైన చలి

"దీన్నెవరు తిప్పారు?"

మామిడి గది తలుపు పక్కనున్న మీటరు ముందు నిలబడి ఆమె అడిగింది. పదమూడు డిగ్రీలు చూపించాల్సిన మీటరు ఎనిమిది చూపిస్తోంది.

"నేనే," అన్నాడు కోల్డ్ స్టోరేజీ ఆపరేటర్. మండే ఎండల్లో కూడా స్వెట్టర్ విప్పడు కనుక అందరూ అతన్ని స్వెట్టర్ అనే పిలుస్తారు.

లోపలున్న కాయలన్నీ ఆమె తండ్రి తోటవి. ఈ ఏడు కాసిన కాపంతా అదే. మంచి ధర వచ్చేదాకా ఆగుదామని తెచ్చి పెట్టారు. ఈ సాయంత్రమే వ్యాపారి లారీ వస్తుంది.

"ఎందుకు తిప్పారు?"

"మేనేజర్ గారు పదమూడు పెట్టమన్నారు. మీ కాయలు కదా అని నేనే ఇంకాస్త తగ్గించాను. తాజాగా ఉంటాయని."

"అంటే మాకు స్పెషల్ చలి."

అతను నేల చూపులు చూశాడు. ఇన్నాళ్ళూ ఆపిల్ గదిలో పనిచేసిన మనిషి. ఆపిల్‌కి ఎంత చలి పెడితే అంత మేలు. మనవాళ్ళనుకున్న వాళ్ళని చల్లగా చూసుకోవడం మంచిదే కానీ, మరీ మీటరు తిప్పి కాదు.

ఆమె సంచిలోంచి రెండు కాయలు తీసి బల్ల మీద పెట్టింది. మొన్న శాంపిల్ చూద్దామని ఇంటికి తీసుకెళ్ళినవి. తొక్క మీద బూడిదరంగు మచ్చలు, చిన్న చిన్న గుంటలు. చాకుతో ఒకటి కోసింది. లోపల రంగు తిరగలేదు. కాయకు జలుబు, అతనికి గుబులు.

"ఇక్కడున్నప్పుడు బాగానే ఉన్నాయండీ."

"చలిలో ఉన్నంతసేపూ అలాగే కనిపిస్తాయి. బయటి వెచ్చదనం తగిలాకే దెబ్బ బయటపడుతుంది. ఆపిల్ చలిలో పుట్టిన పిల్ల, ఓర్చుకుంటుంది. మామిడి అలా కాదు."

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

"ముందు మీటరు తిప్పండి. తర్వాత పెట్టెలన్నీ హాల్లోకి మోయండి. వెచ్చబడితే కొన్నయినా తేరుకుంటాయి."

ఇద్దరూ మోశారు. ఫ్యాన్ గాలి నేరుగా తగిలిన వరుసలు వదులుకోవాల్సిందే. మధ్యలో పెట్టెలను మాత్రం మొదట్లోనే గాలాడకుండా బిగించి పేర్చి ఉంచారు. నిజానికి అలా పేర్చడం తప్పు. ఈసారి ఆ తప్పే కాయల్ని కాచింది. చలి అక్కడిదాకా పూర్తిగా చేరలేదు.

గదిలో పళ్ళ సంగతి సరే, ఆమె పళ్ళు కూడా టకటకలాడుతున్నాయి. అతను స్వెట్టర్ విప్పి అందించాడు.

"వద్దు. కాయలకి చేసిన సేవ చాలు," అంది. అంటూనే తొడుక్కుంది.

కాసేపటికి గొంతు తగ్గించి, "నాన్నకి మెషీన్ పాడైందని చెబుదాం. లేకపోతే మీ ఉద్యోగం పోతుంది," అంది.

"మెషీన్ పాపం ఏం చేసింది?"

మధ్యాహ్నం తండ్రి వచ్చాడు. ఒక్క మాట కూడా దాచకుండా అతనే చెప్పాడు. పెద్దాయన మచ్చల కాయను చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. నీళ్ళు పోసి పెంచిన చేతులవి.

"ఎంత పోయింది?"

"మూడో వంతు, నాన్నా. మిగతావి మళ్ళీ చలిలో పెట్టకుండా పంపేస్తే పండుతాయి. వ్యాపారికి జరిగింది చెప్పే ఇద్దాం."

"నీకెందుకు బాబూ అంత తగ్గించాలనిపించింది?"

"మీ అమ్మాయి దగ్గరుండి పెట్టించిన కాయలండి."

పెద్దాయన కూతురి ఒంటి మీద స్వెట్టర్‌ని చూశాడు. చొక్కాతో నిలబడ్డ కుర్రాణ్ణి చూశాడు.

"మా అమ్మాయి మీద ఇష్టముంటే అమ్మాయికి చెప్పాలి. కాయలకి చెబితే ఎలా?"

ఎవరూ నవ్వలేదు.

"నష్టం సంగతి మీ మేనేజర్‌తో మాట్లాడతాను. నిన్ను తీసెయ్యమని మాత్రం అనను. ఇంకోసారి ఎవరికైనా మేలు చెయ్యాలనిపిస్తే, వాళ్ళకేం కావాలో ముందు కనుక్కో." కాయను పెట్టెలో మెల్లగా పెట్టి, లారీ కోసం గేటు వైపు నడిచాడు.

అతను ఆమె వైపు తిరిగాడు.

"మీకేం కావాలో నేనెప్పుడూ అడగలేదు."

ఆమె ఖాళీ పెట్టె బోర్లించి కూర్చుని, పక్కన కొంచెం చోటు వదిలింది.

"అడగండి. లారీ వచ్చేదాకా టైముంది."